ఈ ఆదివారం చదివే నాటకం ‘విసర్జన్’

మిత్రులకు నమస్కారం. ఈసారి రవీంద్రనాథ్ ఠాగూర్ 1890 నాటి నాటకం ‘విసర్జన్’ చదువుదాం.

కథ త్రిపురలో జరుగుతుంది. బిచ్చగత్తె అపర్ణ పెంచుకున్న మేకపిల్లను గుడిలో బలి ఇచ్చేస్తారు. మెట్ల మీద దాని నెత్తుటి చారలు చూసి ఆమె గుండెలవిసేలా ఏడుస్తుంది. చలించిపోయిన రాజు గోవిందమాణిక్యుడు బలులను నిషేధిస్తాడు. పూజారి రఘుపతి ఊరుకుంటాడా? రాజు తమ్ముణ్ణే అన్న మీదికి ఉసిగొల్పుతాడు. దేవికి రాజరక్తం కావాలంటాడు. తనదీ రాజవంశమేనని శిష్యుడు జయసింహుడు తన ప్రాణమే ఇస్తాడు. కొడుకులా పెంచుకున్న వాడు పోయాక రఘుపతి విగ్రహాన్ని గోమతి నదిలోకి విసిరేస్తాడు.

రఘుపతిని ఉత్త దుర్మార్గుడిగా చదవకండి, అతని నమ్మకం నిజమైనదే. 1890లో ఠాగూర్ స్వయంగా ఆ పాత్ర వేశారు. 1923లో, అరవై దాటాక, జయసింహుడయ్యారు!

ఎవరు ఏ పాత్ర చదువుతారో శుక్రవారంలోగా చెప్పండి.