పదో తరగతి పిల్లలను పడుకోనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. పరీక్షలు దగ్గరపడేసరికి పదో తరగతి పిల్లలకు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ప్రత్యేక తరగతులు పెడుతున్నాం. వాటిలో ఉదయం తరగతిని ఆపించమని కోరడానికే ఈ లేఖ.

నిద్ర తెప్పించే మెలటోనిన్ యుక్తవయసులో చిన్నప్పటికన్నా గంట, రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. త్వరగా పడుకోమన్నా కన్ను మూతపడదు. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదివింది జ్ఞాపకంలో స్థిరపడడానికీ ఆ నిద్రే ఆధారం. చీకటితో లేపి కాలువగట్టు మీదుగా సైకిళ్లపై రప్పిస్తే రాత్రి చదివిన చదువుకు మనమే గండి కొట్టినట్టు. హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది.

మా బడిలో ఒక అబ్బాయి అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఆమె పని ముగించుకుని ఫోను పట్టుకునేసరికి అక్కడ రాత్రి పది, ఇక్కడ పన్నెండున్నర. అమ్మ గొంతు వినకుండా ఎలా పడుకుంటాడు? ఉదయం బల్ల మీద తల వాల్చేస్తాడు. ఒకరోజు అతన్ని నిలబెట్టి, స్లిప్ టెస్టు మార్కులు తరగతి మొత్తానికీ చదివి వినిపించారు. జవాబు పత్రం పరపరా చించేశాడు. పొగరన్నారు. నేను ఒప్పుకోను. ఆవేశం పుట్టించే మెదడు భాగాలు ఈ వయసుకే చురుకెక్కుతాయి. ఆగి ఆలోచింపజేసే నుదుటి వెనక భాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇంచుమించు పాతికేళ్లు పడుతుంది. తోటివాళ్లు చూస్తున్నప్పుడు నిగ్రహం మరీ కష్టం. భోజనాలయ్యాక పక్కకు పిలిచి అడిగితే కాసేపు నేల చూపులు చూసి, ఫోను సంగతి మొత్తం చెప్పాడు. చించిన పరీక్ష మళ్లీ రాయించాను, మారుమాట లేకుండా రాశాడు. మందలించవద్దని నేను అనడం లేదు, నలుగురిలో వద్దంటున్నాను.

మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు మీకు తెలిసినవే. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణలో ఒక పూట పదిహేనేళ్ల పిల్లల మెదడు గురించి చెప్పించండి. పాఠం చెప్పడం మాకు వచ్చు. పిల్లవాడు ఎదురుతిరిగిన ఆ నిమిషంలో ఏం చేయాలో నేర్పేవారే కావాలి.

ఉదయం తరగతిని ఏ ప్రధానోపాధ్యాయుడూ తనంతట తాను ఆపలేరు. ఫలితాలు తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆయనే. అందుకే ఉత్తర్వు మీ దగ్గరి నుంచే రావాలి. సంక్రాంతి సెలవుల తర్వాత ఈ తరగతులు ముమ్మరమవుతాయి, ఆలోగా ఇప్పించండి.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, కోనసీమ