రాక్ సంగీత వేదికల మూసివేతపై మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాం. ఒకప్పుడు మన నగరంలో రాత్రిళ్లు రాక్ బ్యాండ్లతో మోగిన చిన్న క్లబ్బులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు రావడం, శబ్దంపై ఫిర్యాదులు, ఆ తర్వాత లైసెన్సు రద్దు. వాయించేవాళ్లతో పాటు సౌండ్, లైట్ల పనివాళ్లు, వెయిటర్లు కూడా ఉపాధి కోల్పోయారు. ఇప్పుడు కొత్త కుర్రాళ్లకు సొంత పాట వినిపించే చోటే లేదు. మమ్మల్ని అన్నిటికంటే బాధించేది ఇదే.

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో బీటిల్స్ రాక్ బ్యాండ్ మొదట్లో వాయించిన కావెర్న్ క్లబ్‌ను 1973లో మూసేశారు; దాన్నే 1984లో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో మంచి నియమం తెచ్చింది: పాత సంగీత వేదిక పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవారే శబ్దం లోపలికి రాకుండా ఏర్పాట్లు చేసుకోవాలి. అదే నియమాన్ని ఇక్కడా తీసుకురండి. అప్పటిదాకా మిగిలిన వేదికల లైసెన్సులు రద్దు చేయకండి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
నగర సంగీత కళాకారులు