పాత కార్డు బాకీకి కొత్త బెదిరింపులు

ఎప్పుడో ఆగిపోయిన క్రెడిట్ కార్డు బాకీల పేరుతో రికవరీ ఏజెంట్లు సాగిస్తున్న వేధింపులకు అడ్డుకట్ట వేయాలి. మా బావగారి కార్డు 2015లోనే మూతపడింది. మొన్న పొద్దున్నే ఆరున్నరకు ఫోన్. ఆయన ఎత్తకపోయేసరికి కింద కిరాణా కొట్టుకు చేసి, ‘మీ పైవాటాలో ఆయన అప్పు ఎగ్గొట్టాడు’ అని చెప్పారు. కొట్టు నంబరు వాళ్లకెలా దొరికిందో మరి! ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఇలా ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. చివరి చెల్లింపు జరిగి మూడేళ్లు దాటితే సాధారణంగా కోర్టులో దావా కూడా నిలవదు. ఆ సంగతి తెలియక, ‘రేపు పోలీసులొస్తారు’ అనగానే జనం టెన్షన్‌తో ఎంతో కొంత కట్టేస్తున్నారు. ఏజెంటు ఫోన్ చేసేముందే చివరి చెల్లింపు తేదీ, అసలు, వడ్డీ విడివిడిగా చూపే లెక్కను బ్యాంకు రాతపూర్వకంగా పంపాలనే నిబంధన తేవాలి. మన ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో పలక్కపోతే, బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చన్న విషయం అదే కాగితంపై తెలుగులో ఉండాలి.