యూసుఫ్‌గూడలో ఇల్లు తీసుకున్న అమ్మాయికి

నల్లకుంట,
హైదరాబాద్.

బంగారూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాటలు ఇంకా మనసులోనే ఉన్నాయి. నల్లా నీళ్లలో వాసన, వెయ్యి దాటిన కరెంటు బిల్లు, వాన పడగానే గేటు ముందు పొంగే మోరీ, ఆఖర్న "ఏ పార్టీ వచ్చినా ఈ ఊరింతేనమ్మా". మొదటి మూడూ నిజం. నాలుగోది మాత్రం నేను ఒప్పుకోను. ఒక్కో బాధకీ ఒక్కో ఆఫీసు ఉంటుంది, ఆ ఆఫీసులో దాన్ని చూడాల్సిన మనిషీ ఉంటారు. ఆ మనిషెవరో తెలుసుకోకుండా మొత్తం ప్రభుత్వాన్ని తిడితే మనకి గొంతు నొప్పే మిగులుతుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నాను. దగ్గర పెట్టుకో.

ముందు నీళ్ల సంగతి. అది కడుపులోకి పోయేది.

మన దగ్గర నల్లా రోజంతా రాదు. చాలాచోట్ల రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదులుతారు. మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. పాత గల్లీల్లో దాని పక్కనే డ్రైనేజీ లైను కూడా పోతుంది. జాయింటు దగ్గర సన్నని పగులుంటే, నీళ్లు జోరుగా వస్తున్నంతసేపూ లోపలి నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆగాక బయటి మురికి లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురికే ముందుగా మీ సంపులోకి వస్తుంది. దీనికి తోడు గల్లీలో ఎవరైనా నల్లాకి నేరుగా మోటారు బిగించి లాగితే ఇంకా ప్రమాదం. పైపు లోపల ఒత్తిడి పడిపోయి, ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి మురుగుని పీలుస్తుంది. అవతలి ఇళ్లకి నీళ్లు రాకపోవడం ఒక నష్టం, వచ్చినవి పాడవడం రెండోది. అందుకే ఊరికి నీళ్లిచ్చి మురుగు లైన్లు చూసే బోర్డు, అదే జలమండలి, అలాంటి మోటార్లని జప్తు చేస్తుంది. మీ అపార్ట్‌మెంట్ మోటారు సంపులోంచి ట్యాంకుకి ఎక్కిస్తోందా, లేక నల్లా పైపుకే బిగించి ఉందా, వాచ్‌మన్‌ని అడగడం కాదు, నువ్వే కిందికి దిగి చూడు.

నీళ్లు వదిలిన మొదటి ఐదు పది నిమిషాలు సంపులోకి పోనివ్వకుండా బయటికి వదిలేయమని చెప్పు. తెల్ల బకెట్‌లో పట్టి రంగు, వాసన చూడు. తేడా ఉంటే జలమండలి నంబరు 155313కి ఫోన్ చెయ్యి. బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు, అంటే మీ కనెక్షన్ ఖాతా నంబరు అడుగుతారు, అది ముందే రాసి పెట్టుకో. "నీళ్లు బాగాలేవు" అని ఊరుకోకు. "కలుషిత నీళ్లు, ఫలానా తేదీ ఉదయం ఆరింటి సరఫరాలో, మొదటి పది నిమిషాలు నల్లగా వచ్చాయి, పక్క రెండు ఇళ్లలోనూ ఇంతే" అని చెప్పు. పక్క ఇళ్లలో కూడా అదే అయితే తప్పు వీధి లైనులో, మీ ఒక్కరికే అయితే మీ సొంత కనెక్షన్ పైపులో. ఈ ఒక్క ముక్క చెబితే తవ్వాల్సిన చోటు సగం తేలిపోతుంది. వచ్చినవాళ్లని నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో పరీక్ష చేసి చూపించమని అడుగు. గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే పసుపు రంగు రావాలి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది ప్రమాణం. రంగే రాకపోతే ఉన్న క్లోరిన్ని మురికి తినేసిందని అనుమానించాలి. ఆ లైను బాగయ్యేదాకా తాగే నీళ్లు తెర్లేదాకా కాచుకోండి.

సంపు కడిగించాక, నింపిన నీళ్లలో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. మీది పది వేల లీటర్ల సంపు అన్నావు కదా, పాతిక గ్రాములు. పొడిని నేరుగా సంపులో చల్లకూడదు, సున్నం ముద్దలు అడుగున పేరుకుంటాయి. బకెట్‌లో కొద్ది నీళ్లతో మెత్తగా కలిపి, బకెట్ ముప్పావు వంతు నిండేదాకా నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచు. తెల్ల సున్నం కిందికి దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోసి, గంట దాకా మోటారు వేయకండి. మూత తీసి నెలల తరబడి పెట్టిన బ్లీచింగ్‌లో ఘాటు పోతుంది, దాన్ని ఎంత వేసినా వృథా.

నీళ్ల బిల్లు కూడా చూడు. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఉచితం. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి అంత. కానీ మీటరు పనిచేయాలి, ఆ ఫ్లాట్‌కి ఆధార్ కలిపి ఉండాలి. బిల్డింగ్ మొత్తానికి ఒకే కనెక్షన్ ఉన్నచోట కలపని ఫ్లాట్ల వాటా లెక్కలోకి రాదు, ఆ భారం అందరి మీదా పడుతుంది. మీ ఓనర్ కలిపారో లేదో అడుగు. రోజుకి ఆరువందల యాభై లీటర్ల పైన వస్తాయి, ఇద్దరికి ఎంతో ఎక్కువ.

ఇక మోరీ. రోడ్డు మధ్యలో గుండ్రటి మూత ఉంటే సాధారణంగా అది మురుగు లైను, జలమండలిది, అదే 155313. రోడ్డు అంచున జాలీ ఉన్నది వాన నీటి కాలువ, నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీది, 040-21111111. ఒకరి పని ఇంకొకరికి చెప్పి పది రోజులు పోగొట్టుకోవడం ఈ ఊళ్లో మామూలు. వానకే ఎందుకు పొంగుతుందంటావా? మురుగు లైను ఇంట్లోంచి వచ్చే నీళ్లకి సరిపడా వేసింది. మేడ మీది వాన నీళ్ల పైపుని చాలామంది తీసుకెళ్లి ఆ మ్యాన్‌హోల్‌లోనే కలిపేస్తారు. అరగంట గట్టి వాన పడితే వీధిలో ఇళ్లన్నిటి డాబాల నీళ్లూ ఆ సన్నటి పైపులోకి దిగాలి. దిగలేక మూత ఎత్తుకుని పైకి తంతాయి. దానికి తోడు జూబ్లీహిల్స్ ఎత్తు మీంచి నీళ్లు కృష్ణానగర్ పల్లంలోకే వస్తాయి, మీరు ఆ దారిలో ఉన్నారు. మీ డాబా పైపు ఎక్కడ కలిసిందో చూడు. మ్యాన్‌హోల్‌లో కలిసి ఉంటే ఇంకుడు గుంతకి మళ్లించమని అసోసియేషన్‌లో అడుగు. మన బిల్డింగ్ తప్పు సరిచేసుకోకుండా బోర్డుని అడిగితే అది సగం న్యాయమే.

వానలో ఎవరైనా "మూత తీస్తే నీళ్లు పోతాయి" అంటే ఒప్పుకోవద్దు తల్లీ. నీళ్ల కింద తెరిచిన మ్యాన్‌హోల్ ఎవరికీ కనపడదు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో తెరిచి ఉన్న నాలాలో పడి ఒక చిన్నపిల్ల ప్రాణం పోయింది. అలాగే లైను జామ్ అయితే మురుగు లైను శుభ్రం చేసే ఎయిర్‌టెక్ మిషన్ పంపమని అడుగు. మనిషిని లోపలికి దింపుతామంటే అడ్డుపడు. లోపలి గ్యాస్‌కి నిమిషాల్లో స్పృహ పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఐదొందలకి ఎవరో ఒకరు దిగుతారులే అని అపార్ట్‌మెంట్ వాళ్లే పిలిపిస్తుంటారు. ఆ మాట నీ ఎదురుగా ఎవరన్నా నువ్వు మౌనంగా ఉండకూడదు.

కరెంటు బిల్లు చూసి మీటరు తప్పన్నావు. కావచ్చు, కానీ ముందు స్లాబు చూడు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం నెలకి వంద దాటి 200 యూనిట్ల లోపైతే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. సరిగ్గా 200 అయితే 820 రూపాయలు. 201 అయిందా, మొదటి 200కీ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్కదానికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు పైన పడ్డాయి, ఫిక్స్‌డ్ ఛార్జీలు కాక. ఇది న్యాయంగా లేదని నా అభిప్రాయం. కానీ ఈ రేట్లు ఖరారు చేసేది బిల్లు కొట్టే కుర్రాడు కాదు, విద్యుత్ నియంత్రణ మండలి. అది బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. మీటరు రీడింగ్‌కి వచ్చిన పిల్లాడి మీద అరవకు.

200 లోపు ఉండాలంటే రోజుకి ఆరున్నర యూనిట్లు. రెండు వేల వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్. టన్నున్నర ఏసీ గంటకి ఒకటీ ఒకటిన్నర దాకా తాగుతుంది, రాత్రి ఆరు గంటలు వేస్తే ఆ రోజు కోటా దానికే పోయింది. బిల్లు వచ్చిన పదిహేనో రోజు రీడింగ్ రాసుకో. బిల్లులో ఉన్న రీడింగ్ కంటే వంద పైన పెరిగి ఉంటే మిగతా పదిహేను రోజులు చూసుకుని వాడాలి. మీటరు మీదే అనుమానం ఉంటే, ఫ్లాట్‌లో మెయిన్ ఆపేసి కిందికెళ్లి మీ మీటరు ఎర్ర లైటు చూడు. అప్పుడు కూడా మిణుకుతోందంటే ఇంకెవరిదో వైరు మీ మీటరు మీద నడుస్తోందని. మెట్ల లైట్లు ఇలా కలిసిపోవడం ఉంటుంది. అప్పుడు కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చెయ్యి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి రేషన్ కార్డు ఉంటే, అద్దె ఇంట్లో ఉన్నా గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు రాదు. వస్తోందేమో అడుగు, రాకపోతే దరఖాస్తు నువ్వు నింపి పెట్టు.

బస్సు గురించి ఒక్క మాటే. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి ఉచితం, తెలంగాణ అడ్రసున్న కార్డు చూపాలి. జీరో టికెట్ తప్పకుండా తీసుకో. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి. టికెట్ లేకుండా దిగితే ఆ రూటులో నువ్వు ప్రయాణమే చేయనట్టు. ఉచితం ఇచ్చినందుకు మెచ్చుకుంటాను, బస్సులు చాలినన్ని వేయనందుకు తప్పు పడతాను. రెండూ ఒకే నోటితో అనొచ్చు, ఏ పార్టీ మనిషీ కానక్కర్లేదు.

ఫిర్యాదు ఇచ్చాక నంబరు, తేదీ, మాట్లాడినవాళ్ల హోదా నోట్‌బుక్‌లో రాసుకో. వీధి దీపమైతే స్తంభం నంబరు, గుంతైతే పక్కన షాపు కనపడేలా ఫొటో. పని జరగకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తుంది. అప్పుడే చాలామంది విసిగి వదిలేస్తారు. అదే రోజు ఇంకో ఫొటో తీసి పాత నంబరు చెప్పి మళ్లీ తెరిపించు. నీళ్లు, మురుగు అయితే సెక్షన్ మేనేజర్, ఆ పైన డీజీఎం, జీఎం. చెత్త, రోడ్డు అయితే సర్కిల్ డిప్యూటీ కమిషనర్. సోమవారం జీహెచ్‌ఎంసీ ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకో. దానికీ కదలకపోతే సమాచార హక్కు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ముప్పై రోజుల గడువు. "రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడక్కు, దానికి జవాబు రాదు. "ఈ గల్లీలో గత మూడేళ్లలో వేసిన రోడ్ల వర్క్ ఆర్డర్ కాపీలు, చేసిన పని కొలతలు రాసే ఎం.బుక్ కాపీ, కాంట్రాక్టర్ ఎన్నాళ్లు బాగుచేయాలన్న షరతు కాపీ" అడుగు. వేసిన ఆరు నెలలకే లేచిపోయిన రోడ్డుని మళ్లీ ప్రజల డబ్బుతో వేయనక్కర్లేదు, ఆ గడువు లోపైతే వేసినవాడే వేయాలి. ఆ కాగితం చేతిలో ఉంటే మాట తీరే మారుతుంది.

ఇక నీ నాలుగో మాట. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి ఈ ఊళ్లో కాలనీలకి కాలనీలే మునిగాయి. సరిగ్గా ఏడు వారాలకి, డిసెంబర్ 1న, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. నాలాల గురించి అడగడానికి అంతకు మించిన సమయం ఉండదు. ఓటేసింది 46 శాతం చిల్లర. మొన్న 2025 నవంబర్‌లో మీ జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలోనూ సగం మంది రాలేదు. టీవీలో ఢిల్లీ రాజకీయం గంటలు గంటలు మాట్లాడతాం. మన మోరీ, మన దీపం, మన చెత్త బండి చూడాల్సిన కార్పొరేటర్ పేరు అడిగితే చెప్పలేం. నాకు కోపం వచ్చేది అక్కడే. ఓటు రోజు సెలవు దొరికిందని ఊళ్లకి వెళ్లిపోయే వీధుల జనానికి ఏ నాయకుడైనా ఎందుకు భయపడతాడు?

నీ ఓటు ఇంకా ఇక్కడ అంబర్‌పేట నియోజకవర్గంలోనే ఉంది. కొత్తగా నమోదు చేసే ఫారం 6 నింపకు, పేరు రెండుచోట్ల పడుతుంది. ఇల్లు మారినవాళ్లకి ఫారం 8. ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు. కొత్త అడ్రసుకి ఆధార్ కానీ, బ్యాంకు పాస్‌బుక్ కానీ, రిజిస్టర్ చేయించిన అద్దె అగ్రిమెంట్ కానీ సరిపోతుంది. రెఫరెన్స్ నంబరు దాచుకో, బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చినప్పుడు తాళం వేసి ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది, అందుకని వాచ్‌మన్‌కి నీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచు. అసెంబ్లీ జాబితాలో పేరుంటే వార్డు ఎన్నికకీ అదే జాబితా, వేరే దరఖాస్తు అక్కర్లేదు. వార్డు హద్దులు మారుతుంటాయి కాబట్టి పోలింగ్‌కి వారం ముందు బూత్ ఎక్కడో ఇంకోసారి చూసుకో.

ఆదివారం మెట్రోలోనే రా. యూసుఫ్‌గూడలో ఎక్కితే అమీర్‌పేటలో దిగనక్కర్లేదు, నేరుగా పరేడ్ గ్రౌండ్స్ దాకా వచ్చి అక్కడ గ్రీన్ లైను మారి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగు. వచ్చేటప్పుడు మీ నీళ్ల బిల్లు, రెండు నెలల కరెంటు బిల్లులు, అద్దె అగ్రిమెంట్ తీసుకురా. ఫారం 8 ఇక్కడే కూర్చుని నింపేద్దాం. గుత్తొంకాయ కూర చేసి ఉంచుతాను.

అమ్మ