మీ నాయన కుర్చీ విషయమై

తిరుపతి,
ఎం.ఆర్.పల్లి.

చి. ల. సౌ. చిన్నమ్మాయికి, అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

స్విచ్చు నొక్కగానే మనిషిని తానే పైకెత్తి నిలబెట్టే సోఫా కుర్చీ ఒకటి మీ నాయన కోసం చూసిపెట్టావని, సరేనంటే వెంటనే పంపిస్తావని ఫోనులో చెప్పావు. ఆయన ఎదురుగానే కూర్చుని ఉండడంవల్ల నేను అప్పుడు ఏమీ అనలేదు. నీ ప్రేమను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు గానీ, ఆ కుర్చీ కొనవద్దు. రోజు మొత్తంలో మీ నాయన తొడ కండరాలకు పని పడేది కుర్చీలోనుంచి లేచే ఆ కాసేపే. దాన్ని కూడా కరెంటుకు అప్పగిస్తే, కరెంటు పోయిన పూట ఆయనను లేపడానికి పక్కింటివారిని పిలవవలసి వస్తుంది. మోకాళ్ళు అరిగాయి కాబట్టి కదలకుండా ఉంటేనే మంచిదని ఆయన నమ్మకం, 'రెస్టు తీసుకో నాయనా' అంటూ నువ్వు దానికి వంత పాడుతున్నావు. డాక్టరు మాత్రం వేరే విధంగా చెప్పారు. మోకీలును పట్టి నిలబెట్టేది తొడ ముందుభాగంలోని కండరమేననీ, అది సన్నబడేకొద్దీ బరువంతా కీలుమీదే పడి నొప్పి హెచ్చుతుందనీ, ఈ దశలో మాత్రలకన్నా కదలికే ముఖ్యమనీ ఆయన అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

మా కాలనీ కమ్యూనిటీ హాలులో వారానికి మూడు ఉదయాలు జరిగే తరగతిని నువ్వు 'పెన్షనర్ల డ్రిల్లు' అని నవ్వుతావు కదా, అందులో ఏం చేయిస్తారో వివరంగా వ్రాస్తాను. నేర్పే అమ్మాయి ఫిజియోథెరపీ చదివింది, వయసులో నీకన్నా చిన్నది. చేతులు లేని గట్టి చెక్క కుర్చీలను గోడకు ఆనించి వేయిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు నున్నటి బండలమీద జారుతాయని వాటిని దగ్గరకు రానివ్వదు. మొదటి రోజు మమ్మల్ని వాటిలో కూర్చోబెట్టి, రెండు చేతులూ గుండెలమీద కత్తెరగా పెట్టుకుని లేవమన్నది. సగంమందికి సాధ్యం కాలేదు. అప్పుడు కిటుకు చెప్పింది: పాదాలను మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ళమీదికి వచ్చేవరకు ముందుకు వంగాలి, ఆ తరువాత మడమలను నేలకు నొక్కి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకూడదు. ఒళ్ళు కుర్చీని తాకేదాకా బరువును తొడలే మోయాలి. లేవడంకన్నా ఇలా నెమ్మదిగా కూర్చోవడమే కష్టమని చేసినవారికే తెలుస్తుంది.

లెక్కకు మేము అంకెలు వాడము. కేశవ, నారాయణ, మాధవ, గోవింద అంటూ కేశవనామాలు పైకి చదువుతాము. గోడకు ఒక్క వేలు ఆనించి ఒంటికాలిమీద నిలబడినప్పుడు 'దామోదర' దాకా వచ్చినవారికి చప్పట్లు కొడతాము. ఇందులో భక్తి పాలు ఎంతో చెప్పలేను గానీ, ఊపిరి బిగబట్టకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. కండరాలకు బలం పెట్టేటప్పుడు ఊపిరి బిగిస్తే బి.పి. ఒక్కసారిగా ఎగబాకుతుంది. నడక వేగానికి కూడా కొలత ఇటువంటిదే. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అన్నమయ్య సంకీర్తన హాయిగా సాగుతూ ఉంటే వేగం చాలదని, మాట కూడా తెగిపోతూ ఉంటే మితిమీరిందని గుర్తు.

యూనివర్సిటీ గ్రౌండులో రోజూ నడుస్తూనే ఉన్నావు కదా, మళ్ళీ ఇదెందుకమ్మా అని నువ్వు అడుగుతావని తెలుసు. నేనూ ఆ అమ్మాయిని అదే అడిగాను. మనిషి పడకుండా నిలబడడానికి కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళ స్పర్శ మూడూ కలిసి పనిచేస్తాయట. వయసుతోపాటు చూపు మందగిస్తుంది, షుగరువల్ల అరికాళ్ళు మొద్దుబారుతాయి, బి.పి. మాత్రలు వేసుకునేవారికి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. చదునైన దారిలో తిన్నగా నడవడం గుండెకు మంచిదే గానీ, తూలినప్పుడు కాలు తమాయించుకునే నేర్పు దానితో రాదు. అందుకే మడమకు బొటనవేలు తగిలేలా బండల సందు గీతమీద నడిపిస్తుంది, పక్కకు అడుగులు వేయిస్తుంది, వెనక్కి తిరిగి చూస్తూ నడిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ 65 ఏళ్ళు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలపాటు ఓ మోస్తరు శ్రమ చేయడంతోపాటు, నిలకడనూ బలాన్నీ పెంచే వ్యాయామం వారంలో మూడు రోజులైనా చేయాలని విడిగా ఉన్నది. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థవారు 2019లో 108 పరిశోధనలను, అంటే 23,000 మందికి పైగా వృద్ధుల వివరాలను కలిపి చూసి, వ్యాయామం చేసేవారు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గిందని తేల్చారట. మా వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీ అవ్వ విషయంలో నువ్వే చూశావు.

అయితే ఒక్క మాట నిజం చెబుతాను. పడిపోతామన్న భయంతో ఎవరూ పొద్దున్నే లేచి హాలుకు రారు. భయం పది రోజులు పనిచేస్తుంది, తరువాత ముసుగు తన్ని పడుకోబుద్ధి అవుతుంది. మా తరగతి నిలబడడానికి కారణం దానికి తగిలించిన యాత్రలూ, కచేరీలూ. నీ భయమంతా వీటి గురించేనని తెలుసు కాబట్టి కాస్త విపులంగా వ్రాస్తున్నాను.

ఇంతకుముందు ఒక ట్రావెల్స్ వారు పెద్దవాళ్ళ ప్యాకేజీ అని చెప్పి ఒకే రోజులో ఆరు గుళ్ళు తిప్పారు. ఏ గుళ్ళో ఏ దేవుడో కూడా ఎవరికీ గుర్తులేదు, మూడు రోజులు కాళ్ళవాపు మాత్రం మిగిలింది. ఇప్పుడు మేము ఒక రోజుకు ఒకే చోటు అని నియమం పెట్టుకున్నాము. చోటు ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూసేది మరుగుదొడ్డి. మగవారికి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. దారిలో ఇబ్బంది అవుతుందని పొద్దుటినుంచి మంచినీళ్ళు తాగకుండా బయలుదేరే ఆడవాళ్ళు మాలో ఎందరో ఉన్నారు. ఎండలో కళ్ళు తిరిగి పడేది వారే. అందుకని ఇద్దరం ముందుగా ఆ చోటికి వెళ్ళి, దొడ్డి ఎక్కడ ఉన్నదో, శుభ్రంగా ఉన్నదో లేదో, గొళ్ళెం పడుతుందో లేదో, కమోడు ఉన్నదో లేదో చూసి వస్తాము. 'చూసి వచ్చాము, బాగుంది' అని చెప్పిన తరువాతనే అందరూ నీళ్ళ సీసాలు నింపుకుంటారు. వ్యాను మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఒక ముక్కాలి పీట వెంట తీసుకువెళ్తాము. షుగరు ఉన్నవారికోసం ఉడకబెట్టిన చెనక్కాయలు, బొరుగులు, మజ్జిగ ఉంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే యాత్రలు బంద్. తిరుపతి ఎండలో మొండితనం పనికిరాదు. కపిలతీర్థానికి వానల తరువాత జలపాతం నిండుగా ఉన్నప్పుడే వెళ్ళాలని అందరికీ ఉంటుంది గానీ, కార్తీకంలో ఆ జనమూ, తడిసిన ఆ మెట్లూ మాకు సరిపడవు. తెరిపి ఇచ్చిన తరువాత మామూలు రోజున వెళ్తాము.

ఎండాకాలంలో సాయంత్రపు కచేరీలతో సరిపెట్టుకుంటాము. మహతి ఆడిటోరియమూ, అన్నమాచార్య కళామందిరమూ ఉన్న ఊళ్ళో సంగీతానికి కొదవ ఏముంది? పోయిన ఏడు భర్త పోయినప్పటినుంచి గడప దాటని ఒకావిడ మొదట కచేరీకి మాత్రమే వచ్చింది. వ్యాయామం మాట ఎత్తితే 'నాకెందుకమ్మా ఇంకా' అనేది. కళామందిరం మెట్ల దగ్గర నా భుజం పట్టుకోవలసి వచ్చినందుకు ఆమెకు చిన్నతనం అనిపించిందో ఏమో, తరువాతి వారం తానే హాలుకు వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు కేశవనామాలు ఎత్తుకునేది ఆవిడే.

మీ నాయనను కదిలించడానికి కూడా ఇదే దారి అని నాకు తోచింది. 'వ్యాయామానికి రండి' అంటే టీవీ శబ్దం పెంచుతారు. చరిత్ర మాస్టారు కదా, అందుకని వచ్చే యాత్ర గుడిమల్లానికి అని ఊరికే చెవిన వేశాను. మరుసటి రోజు ఉదయం పాత పుస్తకాలు కిందికి దించి దుమ్ము దులుపుతూ కనిపించారు. ఏర్పేడు దగ్గరి ఆ పరశురామేశ్వరాలయాన్ని ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లలకు చూపించారట. దాదాపు ఐదడుగుల ఎత్తున్న లింగంమీద, కుడిచేత పొట్టేలును, ఎడమచేత చిన్న పాత్రను పట్టుకుని, భుజాన గొడ్డలితో, మరుగుజ్జు యక్షుడి భుజాలమీద నిలబడిన శివుడి గురించి ఆ రోజు భోజనాల వేళంతా చెప్పారు. అది క్రీస్తుకు పూర్వపుదని చాలామంది పండితుల అభిప్రాయమనీ, గర్భగుడి వెనుకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుందనీ చెబుతూ, ఉన్నట్టుండి ఆగి, 'గర్భగుడి నేల మండపంకన్నా పల్లంలో ఉంటుంది, దిగాలి కదా' అన్నారు. నేను ఏమీ మాట్లాడలేదు. సోమవారంనాడు ఆయనే చెప్పులు వేసుకుని హాలుకు నాతో వచ్చారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఆయనచేత హాలు మెట్టుమీద కటకటాలు పట్టుకుని ఎక్కడం, దిగడం చేయిస్తున్నది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. గొణుగుతున్నారు గానీ మానలేదు.

కాబట్టి నువ్వు ఫోను చేసినప్పుడు 'మోకాళ్ళు ఎలా ఉన్నాయి' అని ముందుగా అడగవద్దు. అడిగితే నొప్పి వెంటనే గుర్తుకు వస్తుంది. గుడిమల్లం ఎప్పుడు వెళ్తున్నారని అడుగు. ఆ సోఫాకు అనుకున్న డబ్బులో కొంత మా హాలుకు పంపితే, చేతులు లేని టేకు కుర్చీలు మరికొన్ని చేయిస్తాము. ఇప్పుడు రెండు జట్లుగా చేయవలసి వస్తున్నది. వ్యాను బాడుగ పెట్టుకోలేనివారు కూడా మాలో ఉన్నారు, వారి వంతుకు కొంత ఉంచుతాము. ఎవరి డబ్బు అని చెప్పము, చెబితే వారు రావడం మానేస్తారు.

పడుకునే గదికీ స్నానాలగదికీ మధ్య రాత్రిపూట వెలిగే చిన్న దీపమూ, కమోడు పక్కన గోడకు పట్టుకునే కడ్డీ కావాలని నేనే అడుగుదామనుకున్నాను. అవి ఇక్కడే దొరుకుతాయి, మనిషిని పిలిచి బిగించుకుంటాను. నువ్వు తేవలసింది మీ నాయనకు బూట్లు. హవాయి చెప్పులు జారుతున్నాయని ఆ అమ్మాయి ఒప్పుకోవడం లేదు. అడుగు మెత్తగా మునిగిపోయేవి వద్దు. పలుచగా, గట్టిగా, గీతలు పడి ఉండాలి. వంగి ముడివేసుకోలేరు కాబట్టి అంటించే పట్టీ ఉన్నవి చూడు. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, అందుకని ఆయన మామూలు కొలత 8 అయినా ఒక నంబరు పెద్దది తీసుకో.

సంక్రాంతికి మీరు వచ్చినప్పుడు పిల్లలను తీసుకుని చంద్రగిరి కోటకు వెళ్దాము. రాజమహల్‌ను కలప వాడకుండా కట్టారని మీ నాయన చెప్పడం మొదలుపెడితే వారు ఎంతసేపు వింటారో చూడాలి. శుక్రవారం మ్యూజియం ఉండదు కాబట్టి శనివారానికి పెట్టుకుందాము, ఆ ప్రకారమే రైలు టిక్కెట్లు తీసుకోండి.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఆశీస్సులతో,
అమ్మ