సాక్ష్యం చెప్పినవారిని ఆరు నెలలకు మళ్లీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

ప్రార్థనతో జబ్బులు నయమవుతాయని చెప్పే స్వస్థత కూటముల గురించి మీ పత్రికలో వస్తున్న లేఖలను చదువుతున్నాను. దర్శనాలు, దేవుడు పలికించాడని చెప్పే ప్రవచనాలు అన్నీ బూటకమేనని ఒక పాఠకుడు కొట్టిపారేయగా, దైవసేవకుణ్ణి ప్రశ్నించడమే పరిశుద్ధాత్మకు విరోధమైన పాపమని మరొకరు హెచ్చరించారు. ఊహ తెలిసినప్పటి నుంచీ సంఘంలో ఉన్న నాకు ఈ రెండు మాటలూ బైబిలుకు దూరంగానే కనిపిస్తున్నాయి.

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘంవారికి రాస్తూ, ఆత్మను ఆర్పవద్దనీ, ప్రవచనాన్ని చులకన చేయవద్దనీ చెప్పి, ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. కొరింథు సంఘానికైతే, ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలి, తక్కినవారు వివేచించాలి అని కట్టడి చేశాడు. అంటే మైకు పట్టుకున్నవారి మాటను కింద కూర్చున్నవారు తూచి చూడటం ఆరాధనలో భాగమే గాని అవిశ్వాసం కాదు. జరగని ప్రవచనం దేవుడు పలికినది కాదని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చెబుతుంది. 13వ అధ్యాయం మరీ కఠినం: చెప్పిన సూచన నిజంగా జరిగినా సరే, అది వేరే దేవతల వైపు తిప్పేదైతే ఆ ప్రవక్త మాట వినవద్దంటుంది. దేవునికీ సిరికీ కలిపి ఎవరూ దాసులుగా ఉండలేరని ప్రభువే చెప్పాడు గదా. ఎవరో మన ఇంటిపేరు, బండి నంబరు సరిగ్గా చెప్పేశారని మురిసిపోయి, ఆ వెంటనే తెర మీదికి వచ్చే కానుకల నంబరుకు డబ్బు పంపేటప్పుడు ఈ రెండో హెచ్చరిక మనకు గుర్తుకు రావడం లేదు.

నా సంగతే చెబుతాను. 1981లో ఒక ఉపవాస కూటంలో, మూడో రాత్రి, నేను వణుకుతూ కింద పడిపోయాను. ఒళ్లంతా వెచ్చబడింది, కన్నీళ్లు ఆగలేదు. చుట్టూ ఉన్నవారు పరిశుద్ధాత్మ అభిషేకం వచ్చిందన్నారు. తెల్లవారి ఉత్సాహంగా మా పాస్టరుగారికి చెప్పబోతే, ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "అన్నం తిని ఎన్నాళ్లయిందయ్యా?" అని అడిగారు. పాస్టరమ్మగారు పప్పన్నం పెట్టారు. తిన్నాక ఆయన రెండో ప్రశ్న వేశారు: "మీ అన్నయ్యతో మాట్లాడుతున్నావా?" పొలం గట్టు తగాదాతో మా ఇద్దరికీ అప్పటికి రెండేళ్లుగా మాటల్లేవు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన ఇంకేమీ అనలేదు, చెయ్యి కడుక్కోమన్నారు.

16వ శతాబ్దపు స్పెయిన్‌లో ఆవిలా తెరేసా అనే కతోలిక సన్యాసిని చేసిన వైద్యం కూడా ఇదేనని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఉపవాసాలతో నీరసించి, ఆ మగతనే పరవశమనుకున్న సన్యాసినులకు ఆమె తిండి, నిద్ర పెంచమని చెప్పింది. 8 గంటలు అలా ఉండిపోయిన ఒకామెకు కడుపు నిండా తిండి, కంటి నిండా నిద్ర దొరకగానే అది పోయిందని రాసింది. స్వయంగా దర్శనాలు చూసిన మనిషి ఈ మాట అన్నదని గమనించాలి. అమెరికాలో 1734-35 నాటి ఉజ్జీవాన్ని, అంటే భక్తి మళ్లీ రగిలిన ఉద్యమాన్ని, నడిపించిన పాస్టరు జోనాతన్ ఎడ్వర్డ్స్ కూడా, ఒంటి వణుకులు, ఉప్పొంగే భావాలు ఆత్మకార్యమనడానికీ చాలవు, కాదనడానికీ చాలవు అని తేల్చి, ఆ తర్వాతి నడతనే చూడమన్నాడు.

నేను ప్రొటెస్టెంటును, అయినా ఈ విషయంలో కతోలికుల ఓపికను మెచ్చుకోకుండా ఉండలేను. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు లక్షలమంది వెళ్లేది లూర్దుమాత ఉత్సవానికే. మరియమాత కనిపించిందని కతోలికులు నమ్మే ఫ్రాన్సులోని ఆ లూర్దులో స్వస్థత పొందామని చెప్పుకొన్నవారు వేలల్లో ఉండగా, 1858 నుంచి బిషప్పులు అద్భుతమని ఒప్పుకున్నవి 70కి కాస్త పైన మాత్రమే. అక్కడి వైద్యులు పాత రిపోర్టులన్నీ తెప్పించుకుంటారు, జబ్బు తిరగబెట్టలేదని తేలేదాకా ఏళ్ల తరబడి ఆగుతారు. మన దగ్గర బాగయ్యామని వేదిక మీద చెప్పే సాక్ష్యం అదే రాత్రి యూట్యూబుకు ఎక్కుతుంది. మా వీధిలో ఒకావిడ, షుగరు పోయిందని వేదిక మీద చెప్పి, మాత్రలు మానేసి, మూడు వారాలకు కాలి పుండుతో ఆసుపత్రిలో చేరింది. ఆ వీడియో ఇంకా అలాగే ఉంది, కింద ఆమెన్‌లు పడుతూనే ఉన్నాయి.

సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. డాక్టరు చెప్పందే మందు మానవద్దని మైకులోనే చెప్పండి. సాక్ష్యం ఇచ్చినవారిని ఆరు నెలల తర్వాత ఇంట్లోవారితో సహా పిలిచి, జబ్బు ఏమైందో, తాగుడు మానారో లేదో, ఎవరితో తెగిన మాటలు కలిశాయో అడగండి. అప్పుడు కావాలంటే వీడియో పెట్టండి. మా పాస్టరుగారు నన్ను సాక్ష్యానికి పిలిచింది, నేను మా అన్నయ్య ఇంటికి వెళ్లి వచ్చిన తర్వాతి ఆదివారం. అప్పటికి ఆ కూటం జరిగి 11 నెలలైంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి