గ్లెన్ ఎటివ్‌లో మా కారు లాగిన పెద్దాయనకు

ఆ కంగారులో మీ పేరు కూడా అడగలేదు. డిసెంబర్ చివరి వారంలో, స్కాట్లాండ్‌లోని గ్లెన్ ఎటివ్ లోయలో రోడ్డు పక్క గుంటలో ఎడమ చక్రాలు దిగబడిన నీలం కారు మాదే.

పొద్దున్నే గ్లాస్గో నుంచి ఏ82 రోడ్డు మీద బయల్దేరాం. రానక్ మూర్ అనే బీడు భూముల దగ్గర గడ్డిపోచ గడ్డిపోచకీ మంచు పట్టి ఉంది. నీటి మడుగులు గాజుపలకల్లా బిగుసుకుపోయాయి. ఎదురుగా బూఖల్ ఎటివ్ మోర్ కొండ, ముగ్గుపిండి కుప్ప పోసినట్టు. దాన్ని చూశాక ఎడమవైపు మీ లోయలోకి తిరగకుండా ఎవరుంటారు? ఒక్క కారు పట్టేంత రోడ్డు, చివర లాక్ ఎటివ్ అనే సముద్రపు పాయ నీళ్ల దగ్గర ఆగిపోతుంది. దారిలో ఒక ఎర్ర జింక మమ్మల్నే చూస్తూ నిలబడింది, ముక్కులోంచి ఆవిరి. దాన్ని చూస్తూ చక్రం కిందికి దించేశాను. తప్పు నాదే.

ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆ నెలలో అక్కడ నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. వెనక సీట్లో అమ్మ విష్ణు సహస్రనామం అందుకుంది. అంతలో మీ ల్యాండ్ రోవర్ వచ్చింది.

ఒక్క ప్రశ్న వేయకుండా తాడు కట్టారు, స్టీరింగ్ తిన్నగా పట్టుకోమన్నారు, పది నిమిషాల్లో రోడ్డెక్కించారు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపారు. అమ్మ ఇచ్చిన చేగోడీల డబ్బా మాత్రం తీసుకున్నారు. మా ఇంటిల్లిపాది తరఫున మీకు కృతజ్ఞతలు, నమస్కారాలు.

ఆ చేగోడీలు మీరు తిన్నారో, మీ బండిలోని కుక్కే తిన్నదో అని అమ్మ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.